ఎమ్మెల్యే నిచ్చెన

"ఎమ్మెల్యే ఉన్నడా అవ్వా?" అని గేటు అవతలి నుంచి ఎవరో కేకేశారు. మా అమ్మ వాకిట్లో పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు. "కొట్టం పక్కన పండుకున్నడు, తీస్కపో. పొద్దుగూకంగ తెచ్చి పెట్టు. మర్శిపోయినవంటే మీ సేటు ఇంటికొచ్చి తిడత" అంది. వచ్చినవాడు మా సురంగల్ చివర కొత్తగా కట్టిన ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్‌ అట. గోడకు కెమెరాలు బిగించాలట. కొట్టం పక్కకు వెళ్లి, అక్కడ అడ్డంగా పడుకోబెట్టిన వెదురు నిచ్చెనను భుజానికెత్తుకుని, "పోయొస్త అవ్వా" అని వెళ్లిపోయాడు. పట్నం నుంచి రెండు రోజులు ఉందామని వచ్చిన నేను అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నానేమో, నవ్వాపుకోలేక పొలమారింది. "ఏమైందే, చాయ్ గూడ సక్కగ తాగరాదా నీకు?" అని అమ్మ నా మీద విసుక్కుంది.

ఆ ఎమ్మెల్యే మా బాపు కాదు. మా బాపు సాయన్న మూడు ఎన్నికల్లో నిలబడ్డాడు, మూడింట్లోనూ ఓడిపోయాడు. మా ఇంట్లో ఎమ్మెల్యే అయిందల్లా ఆ నిచ్చెన ఒక్కటే. నిచ్చెన అలా భుజమెక్కి గులాబీ తోటల మధ్య బాట మీద ఊగుతూ పోతుంటే, పొద్దుటి మంచు ఇంకా విడవలేదు కనుక, మోసేవాడు కనపడకుండా నిచ్చెనే తనంతట తాను నడుచుకుంటూ వెళ్తున్నట్టుంది. నేను చూస్తూ కూర్చుండిపోయాను. చాయ్ చల్లారిపోయింది. ఎక్కడి నుంచో, ఎన్నాళ్ల కిందటిదో, ఉడుకుతున్న మైదాపిండి వాసన వచ్చి ముక్కుకు తగిలింది.

అది మా ఇంట్లో ఎన్నికల వాసన. వేరే ఇళ్లల్లో ఎన్నికలంటే ఏం వాసనొస్తుందో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం పెద్ద గంజులో పోస్టర్లు అంటించే లై ఉడికే వాసన. అమ్మ పొద్దున్నే రొట్టెలు కాల్చడం అవగానే అదే పొయ్యి మీద గంజు ఎక్కించి, మైదాపిండి నీళ్లల్లో కలిపి, ఉండలు కట్టకుండా పొడుగు కట్టెతో తిప్పుతూ ఉండేది. చివర్లో చిటికెడు మైలుతుత్తం వేసేది. అది వేయకపోతే మేకలు మా బాపును గోడల మీద నిలవనిచ్చేవి కావు. అతికించిన గంటకే వచ్చి మొహం దగ్గర మొదలుపెట్టి నమిలేసేవి. "వేరేటోళ్ల పోస్టర్లు ముట్టవు. మీ బాపు కాగితమే తియ్యగుంటదేమో" అనేది అమ్మ. ఎక్కడ కాలుపెట్టినా జిగురే. నా రిబ్బన్లకు జిగురు, పుస్తకాలకు జిగురు, కోడిపెట్ట కాళ్లకు జిగురు. ఇప్పటికీ ఎక్కడైనా మైదా ఉడుకుతుంటే, మా బాపు ఇంకా బజారులోనే ఉన్నాడు, దండం పెడుతూ తిరుగుతున్నాడు అనిపిస్తుంది నాకు.

బాపుది టమాట పంట, కొద్దిగా గులాబీ. టమాట చెట్లలో తిరిగే మనిషి చేతులకు ఒక ఆకుపచ్చ మరక పడుతుంది. సబ్బుకు పోదు. ఆ చేతులతోనే అన్నం కలుపుకునేవాడు, ఆ చేతులతోనే నా తల నిమిరేవాడు, ఓట్లడగడానికి ఆ చేతులే జోడించేవాడు. పొద్దున్నే లేచి వేపపుల్ల నోట్లో పెట్టుకుని తోటంతా ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. వచ్చి, బాయికాడ చెంబు నీళ్లు నెత్తిన పోసుకుని, తడి జుట్టును ఎంత ఒత్తుగా దువ్వేవాడంటే దువ్వెన పళ్ల గీతలు మధ్యాహ్నం దాకా ఉండేవి. తెల్లచొక్కాలు రెండే. ఒకటి ఒంటి మీద ఉంటే ఒకటి తీగె మీద ఆరుతూ ఉండేది. మాట మెత్తన. కోపం వస్తే తిట్టడం చేతకాదు, లేచి వెళ్లి గేదెకు నీళ్లు పెట్టేవాడు. అలాంటి మనిషి ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డాడని నన్ను పెళ్లయ్యాక అత్తగారింట్లో చాలామంది అడిగారు. వాళ్లకు చెప్పలేదు, చెప్పాలనిపించలేదు. ఇప్పుడు చెప్తాను.

బస్సు కోసం. ఆ రోజుల్లో మా ఊళ్లోకి సాయంత్రం బస్సు వచ్చేది కాదు, రోడ్డు మీదే దింపేసి పోయేది. మొయినాబాద్ అంగడికి కూరగాయలు అమ్ముకోవడానికి పోయిన ఆడవాళ్లు ఖాళీ గంపలు నెత్తిన పెట్టుకుని చీకట్లో నడుచుకుంటూ రావాలి. ఊరి తరఫున అడుగుదామని బాపు చేవెళ్లలో ఒక లీడరు దగ్గరికి వెళ్లాడు. ఆయన పదవేమిటో నాకు గుర్తులేదు, ఆయన ఇంటి వరండా మాత్రం బాపు మాటల్లో నేను చాలాసార్లు చూశాను. పొద్దుటి నుంచి అక్కడే కూర్చోబెట్టారట. సాయంత్రానికి ఆయన బయటికొచ్చి, చెప్పులు వేసుకుంటూ, "బస్సు సంగతి తర్వాత సూద్దంగని, ముందు గిది చెప్పు. మీ ఊర్లెనన్న నీ మాట నడుస్తదా?" అన్నాడట. అన్ని చెప్పుల ముందు, అంతమంది ముందు. బాపు ఇంటికి వచ్చేశాడు. వచ్చి, గేదెకు నీళ్లు పెట్టాడు. రాత్రి అన్నం దగ్గర అమ్మతో ఒకటే మాట: "నేను నిలవడ్త బాలమణీ. గెలుస్తనా, ఓడ్తనా, అది నాకు ఫికర్ లేదు. మన సురంగల్‌ల మాత్రం నా పేరే ఫస్టు రావాలె. ఒక్కసారి వస్తె సాలు."

ఇదీ సంగతి. అసెంబ్లీ మీద బాపుకు ఆశ లేదు. మా ఊరి ఓట్లలో ముందు ఉండాలి, అంతే. ఆ ఒక్కదాని కోసం నా చిన్నతనమంతా మా ఇల్లు పొయ్యి మీద లైలాగా ఉడికింది.

పార్టీ లేని మనిషికి సొంత గుర్తు ఉండదు. ప్రతి ఎన్నికకూ ఆఫీసువాళ్లు ఇచ్చిందే గుర్తు. మొదటిసారి బాపుకు ఇస్త్రీ పెట్టె వచ్చింది. చాకలి నర్సిమ్ముల దగ్గర బొగ్గుల ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చుకుని, దాన్ని చేత్తో పట్టుకుని ఊళ్లు తిరిగాడు. ఆలూరులో ఒక ముసలమ్మ ఇంట్లోకి వెళ్లి తన నేతచీర పట్టుకొచ్చి, "జర గిది రుద్దిపో కొడుకా, రేపు పెండ్లికి పోవాలె" అందట. బాపు కాదనలేకపోయాడు. అరుగు మీద కూర్చుని, వాళ్ల పొయ్యిలోంచే నిప్పులడిగి, చీర మడతలు చక్కగా దింపి ఇచ్చి వచ్చాడు. ఆ పూట ప్రచారం అంతటితో సరి. మా మేనమామ యాదగిరి, అంటే అమ్మ తమ్ముడు, బాపుకు కుడిభుజం, ఎన్నికల ఏజెంటు, అన్నీ ఆయనే, తల కొట్టుకున్నాడు. "బావా, ఓటు అడుగవోయి బట్టలు ఇస్త్రీ చేసొస్తవా!" ఆ ఎన్నికలో మా ఊళ్లోనే బాపు మూడోవాడు.

రెండోసారి నిచ్చెన వచ్చింది. అది మా ఇంటి పండుగ. పట్నం పోయి వెదురు కొనుక్కొచ్చి, యాదగిరి మామ, బాపు కలిసి వాకిట్లో కూర్చుని కట్టారు. కొత్త వెదురు చెక్కుతుంటే వచ్చే ఆ పచ్చి వాసన, అమ్మ మధ్యమధ్యలో తెచ్చిపెట్టే ఉల్లిగడ్డ, పచ్చిపులుసు, జొన్నరొట్టె. ఆ రోజు ఎండ కూడా మెత్తగా ఉన్నట్టు గుర్తు. అది నిజమో కాదో, నాకలాగే గుర్తుంది. ఊరి మధ్యకు వెళ్లి గోడకు నిచ్చెన వేసి, బాపు నాలుగు మెట్లెక్కి మాట్లాడేవాడు. పైకెక్కితే తప్ప ఆయన గొంతు ఎవరికీ వినపడదు మరి. ఆ ఏడు మా ఊళ్లో రెండో స్థానం. యాదగిరి మామ ఎగిరి గంతేశాడు. బాపు మాత్రం, "ఇంకొక్కటే మెట్టున్నదిరా" అన్నాడు.

ఎన్నికలు అయిపోయాక నిచ్చెన ఊరి మీద పడింది. కప్పు మీద పెంకులు సర్దడానికి ఒకరు, క్రిస్మస్‌కు చర్చి మీద నక్షత్రం కట్టడానికి ఒకరు, తీగలు తగిలించుకోవడానికి ఒకరు. "సాయన్నా, ఎమ్మెల్యే నిచ్చెన జర ఇయ్యరాదే" అని వచ్చేవాళ్లు. రాను రాను నిచ్చెన అనే మాట రాలిపోయింది, ఎమ్మెల్యే మిగిలింది. "ఎమ్మెల్యే ఎవరింట్ల ఉన్నడు?" "ఎమ్మెల్యే కాలు ఊగుతున్నది, జర సుతిలి కట్టుండ్రి." ఆ సుతిలి కట్టేదీ మా బాపే, చీకటి పడ్డాక వెళ్లి వెనక్కి మోసుకొచ్చేదీ మా బాపే. ఎవరికీ లేదనలేదు. ఐదేళ్లలో మా ఊళ్లో ఆ నిచ్చెన ఎక్కని ఇల్లు లేదు. ఈసారి ఊరు మనదే అని అందరికీ తెలిసిపోయింది, వీధి కుక్కలకు కూడా తెలిసినట్టే ఉండేది.

మూడోసారి బాపు మళ్లీ నిచ్చెనే కోరుకున్నాడు. ఇంకెవరో దూరపు మనిషి కూడా అదే కోరాడట. చీటీ తీస్తే నిచ్చెన ఆయనకు పోయింది. బాపుకు ప్రెషర్ కుక్కర్ వచ్చింది. ఆ ఆదివారం నేను హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి ఉన్నాను, అందుకే కళ్లారా చూశాను. బాపు అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చి వాకిట్లో దించాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేచొచ్చి, పెట్టె విప్పి, మెరిసిపోతున్న కుక్కర్ బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని అలా నిలబడిపోయింది. పక్కింటి ఎస్తేరమ్మత్త దగ్గర కుక్కర్ ఉంది. దాని కూత వినపడినప్పుడల్లా అమ్మ గోడ వైపు చూసేది గానీ ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. "నాకు తెచ్చినవా?" అంది. ఆ గొంతు మా అమ్మది కాదు, ఎవరో చిన్నపిల్లది. బాపు నోరు తెరిచాడు, మూశాడు. "ఇంకెవలికి తెస్త?" అన్నాడు.

అమ్మ ఆ క్షణమే బియ్యం కడిగింది. మొదటి కూతకు ఎస్తేరమ్మత్త పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ పొయ్యి ముందు కూర్చుని నవ్వుతున్నారు. బాపు నన్ను కొట్టం వెనక్కి పిలిచి, "బిడ్డా, అది గుర్తు అని చెప్పకు. ఆమె మొఖం సూసినవా? ఇన్నేండ్ల సంది నేను ఆమెకు ఏం తెచ్చిన? లై ఉడకవెట్టుడు తప్ప ఏమిచ్చిన?" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడో, టమాట చేతుల మంటో, నేను అడగలేదు. మర్నాటి నుంచి మొయినాబాద్‌లో ఒక టీచరమ్మ ఇంటి కుక్కర్ అడిగి తీసుకుని, అదే పట్టుకుని ప్రచారానికి పోయాడు. పోస్టర్లకు లై కూడా అక్కడే ఉడికించుకున్నారు. మా ఇంట్లో ఆ ఎన్నికకు ఆ వాసన రాలేదు. అన్నం వాసన వచ్చింది.

సురంగల్‌లో మాత్రం బాపు ఓటడగలేదు. అదే మా మనుషుల తీరు. పరాయి ఊళ్లో గడప గడపకూ దండం పెడతాం, ఇంటివాళ్లను అడగాలంటే సిగ్గు, అడిగితే వాళ్లకు అవమానం. "మన ఊరోళ్లను ఓటు అడుగుడేందిరా, ముద్ద వెట్టమని ఇంటిదాన్ని అడుగుతమా?" అని యాదగిరి మామ మీద గయ్‌మన్నాడు. మామ వినకుండా నాలుగు పోస్టర్లు అంటించాడు. టీచరమ్మ లైలో మైలుతుత్తం వేయలేదు కాబోలు, మేకలు తినేశాయి. మైకు ఆటో చిన్న మంగళారం దాకా పోయి వెనక్కి తిరిగేది. మా ఊరి బాట తొక్కలేదు.

పోలింగ్ నాటి పొద్దున మా వాకిలి నిండా ఆడవాళ్లు. తలకు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, బడికాడికి పోయే దారిలో మా ఇంటి ముందు ఆగారు. నేను హాస్టల్ నుంచి అప్పుడే వచ్చి, చేతిసంచీ పట్టుకుని లోపలికి పోతున్నాను. ఎస్తేరమ్మత్త ఏదో అడగడం, అమ్మ కొట్టం వైపు చెయ్యి చూపించడం చూశాను. అక్కడ నిచ్చెన గోడకు ఆనించి ఉంది, ఎండ పడి మెరుస్తోంది. ఏం మాట్లాడుకున్నారో నా చెవిన పడలేదు. అందరూ నవ్వుతూ కదిలారు. అమ్మ అందరి కంటే ముందు నడిచింది, చదువు రాని మా అమ్మ, కొంగు నడుముకు చుట్టుకుని. అంత ధీమాగా నడవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఓట్ల లెక్కింపు రోజు మధ్యాహ్నానికి బాపు, యాదగిరి మామ తిరిగొచ్చారు. ఇద్దరూ కాళ్లు కడుక్కోలేదు. అరుగు మీద కూలబడ్డారు. ఓడిపోవడం మాకు అలవాటే, అది కాదు. "మన ఊరి మిషన్ల నిచ్చెన ఫస్టు వచ్చింది బావా. గా మనిషి మన ఊరి మొఖం గూడ సూడలె. గాయనకెట్ల ఏసిండ్రు?" అన్నాడు మామ, అప్పటికి పదోసారేమో ఆ మాట. బాపు తన చేతుల వైపు చూసుకుంటూ, "ఊరు నన్ను కాదన్నదిరా. ఆ వరండల ఆయనన్నదే నిజమైంది" అన్నాడు. ఆ గొంతు వినలేక నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఊరందరి మీదా కోపం వచ్చింది. ఆ నిచ్చెన మోసిమోసి భుజం కాయ కాచిన మనిషిని ఇలా చేస్తారా అని లోపల భగ్గున మండింది.

అప్పుడే అమ్మ గరిటె చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నిచ్చెన ఫస్టు వచ్చిందంటున్నరు, మల్ల మొఖాలు గట్ల వెట్టుకున్నరేంది? మన ఊర్లె రావాలె, అంతే సాలు అన్నవు గదయ్యా! మన వాడకట్టు ఆడోళ్లందరికి నేనే చెప్పిన. గుర్తేంది అక్కా అంటే, గదిగో ఎదురుంగనే ఉన్నది గద అని సూపిచ్చిన. ఒక్కతి తప్పలె."

యాదగిరి మామ నోరు తెరిచాడు. బాపు చెయ్యి ఆయన మోకాలి మీద పడింది, గట్టిగా. లోపల పొయ్యి మీద కుక్కర్ కూత వేసింది. బాపు ఆ కూత పూర్తిగా ఆగేదాకా అమ్మ మొహంలోకే చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లల్లోంచి నీళ్లు కారాయి, ఆ నీళ్లను ఆకుపచ్చ చేతులతో తుడుచుకుంటూ, "అవ్ బాలమణీ, మనదే ఫస్టు. అన్నం వెట్టు, ఆకలైతున్నది" అన్నాడు. మూడుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. ఊరు మా బాపును కాదనలేదు. ఊరంతా బాపుకే వేసింది, అది వేరే మనిషి పేరు మీద పడిందంతే.

ఆ తర్వాత మా సీటు రిజర్వు అయింది. బాపు నిలబడే అవకాశం అక్కడితో తీరిపోయింది. ఆయన బాధపడలేదు. బస్సు ఎవరి పుణ్యానో తర్వాత ఎప్పుడో వచ్చింది. ఇప్పుడు ఊరి నడుమ దాకా వచ్చి తిరిగిపోతుంది, ఎక్కేవాళ్లే తక్కువ, అందరికీ బండ్లు. టమాట మడులు పోయి ప్లాట్లు వచ్చాయి, గులాబీలు ప్లాస్టిక్ పందిళ్ల కిందికి పోయాయి. గోడలకు పోస్టర్లు లేవు, మేకలకు ఆ రుచి తెలియదు. ఓట్లడిగేవాళ్లు ఫోన్‌లో గొంతు పంపిస్తున్నారు. "అమ్మా, నమస్కారం" అని మాట్లాడి, మనం బదులు చెప్పేలోపే పెట్టేస్తారు. నేను మొన్న అలాంటి ఫోన్‌కు "ఒక చీర ఇస్త్రీ చేసిపోతవా?" అని అడిగాను, ఎవరూ లేరు అవతల. బాపు పోయి రెండేళ్లు కావస్తోంది. తమ్ముడు తోట చూసుకుంటాడు. అమ్మ ఆ కుక్కర్‌లోనే వండుతుంది.

వాచ్‌మన్ నిచ్చెన తీసుకుపోయిన ఆ సాయంత్రం అంట్లు తోముతుంటే ఆ కుక్కర్ నా చేతికొచ్చింది. పిడికి తీగ చుట్టి ఉంది, అడుగు సొట్టపోయింది. "అమ్మా, ఇది పారేద్దాం. రేపు కొత్తది తెస్తాను" అన్నాను.

"పారేస్తవా? అది మీ బాపు ఎలక్షన్ గుర్తు" అంది అమ్మ.

నా చేతిలో పీచు ఆగిపోయింది. ఇన్నేళ్లు నేను నోరు విప్పకుండా దాచిన మాట, ఆమె పప్పులో ఉప్పు వేసినంత తేలిగ్గా అనేసింది. "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఓట్లు లెక్కవెట్టిన గా వారమే. మొయినాబాద్ అంగడికి పోయిన. గోడ మీద మీ బాపు ఫోటో, కింద కుక్కర్. టమాటలు కిందవెట్టి ఆడ్నే కూలవడ్డ. ఎంత ఏడ్సిననో బిడ్డా. నా చేతులతోటి నేనే ఆయన నోట్ల మన్ను గొట్టిన." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇంటికొచ్చి చెప్దమనుకున్న. కని ఆయన ఫస్టు వచ్చిన అనుకుంట, ఆ దినం కడుపునిండ తిన్నడు గద. నేను పోయి, కాదయ్యా అంటే, మల్ల ముద్ద దిగుతుండెనా ఆయనకు?"

"ఆయనకు అప్పుడే తెలుసమ్మా. నీ కోసమే అలా అన్నాడు."

"నాకు తెల్వదా ఆయన సంగతి?" అంది అమ్మ కోపంగా.

గేటు చప్పుడైంది. వాచ్‌మన్ నిచ్చెన తెచ్చాడు. కొట్టం పక్కన పడుకోబెట్టబోతుంటే, "ఆడ గాదు, గోడకు ఆనియ్యి. ఎదురుంగ కనవడాలె" అంది అమ్మ. అతను ఆనించి వెళ్లిపోయాడు. పొద్దు వాలిన ఎర్రటి వెలుగు మెట్ల మీద పడింది. అమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. నేను కడిగిన కుక్కర్ తెచ్చి ఆమె పక్కన బోర్లించాను.

"ఇప్పుడు మిషన్ల మీద ఫోటోలు వెడ్తున్నరు గద బిడ్డా" అంది. "అప్పుడు గూడ వెట్టి ఉంటే అయిపోతుండె. ఆయన మొఖం ఇడ్శిపెట్టి ఇంకోదాని మీద నొక్కుతుంటినా నేను?"